మినిమల్ డిజైన్ అంటే ఖాళీ జాగా కాదు

ప్రశ్న: మా అమ్మాయి బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ మూడో సంవత్సరం. పచ్చళ్ల బ్రాండ్ ఒకటి ఊహించుకుని మినిమలిస్ట్ బ్రాండింగ్ ప్రాజెక్ట్ చేసింది. ఇంటర్న్‌షిప్ కోసం రెండుచోట్ల చూపిస్తే ‘ఖాళీగా ఉంది’ అన్నారట. తోటివాళ్లు యూఐ (యాప్‌లు, వెబ్‌సైట్ల తెరల డిజైన్) వైపు వెళ్తున్నారు. తననూ మారమనాలా?

జవాబు: ఇప్పుడే మారమనకండి. ఈ ప్రాజెక్ట్‌లో ఉన్న లోపం అక్కడికి వెళ్లినా వెంటే వస్తుంది. దాన్ని ఇక్కడే సరిదిద్దుకోవడం మేలు.

మీరు పంపిన ఫైల్‌లో తెల్ల లేబుల్, మధ్యలో చిన్న గుర్తు, అంతే. మాస్టర్‌కార్డ్ 2019లో లోగోలోంచి పేరు తీసేయగలిగిందంటే ఆ రెండు వృత్తాలను జనం అర్ధశతాబ్దంగా చూస్తున్నారు కాబట్టే. నిన్న పుట్టిన పచ్చళ్ల బ్రాండ్‌కి ఆ వెసులుబాటు లేదు. పేరే పెద్దగా కనపడాలి.

పైగా నిజమైన సీసా మీద పదార్థాల జాబితా, పోషక విలువలు, నికర బరువు, ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, తేదీలు, తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, శాకాహారపు ఆకుపచ్చ చుక్క ఉండి తీరాలి. ఇవన్నీ పెట్టాక కూడా లేబుల్ ప్రశాంతంగా కనిపిస్తేనే అది మినిమలిజం. పెట్టకుండా వదిలేస్తే పని సగంలో ఆగినట్టే. ‘ఖాళీ’ అన్నవాళ్లు చూసింది బహుశా ఇదే.

మళ్లీ చేయమనండి, ఈసారి సీసాతో మొదలుపెట్టి. సీసా చుట్టూ దారం చుట్టి కొలత తీసుకోవాలి. తప్పనిసరి సమాచారమంతా ముందు పేర్చి, మిగిలిన జాగాలోనే డిజైన్ చేయాలి. అసలు సైజులో ప్రింట్ తీసి, సీసాకు అంటించి, ఆరడుగుల దూరం నుంచి చూడాలి.

తెలుగు అక్షరాల దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘పచ్చళ్లు’ అన్న మాటే చూడండి: చ కింద ఒత్తు, ళ కింద ఒత్తు. అక్షరాల సైజును ఆరు పాయింట్లకు దించితే ఆ ఒత్తుల్లోని సందులు సిరాతో పూడుకుపోతాయి. ఇంగ్లిష్‌కి లైన్ స్పేసింగ్ (వరస నుంచి వరసకు దూరం) అక్షరాల సైజులో 120 శాతం సరిపోతుంది కానీ తెలుగుకి 140 నుంచి 150 ఇవ్వాలి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. మండలి, అనేక్ తెలుగు వంటి ఫాంట్లు ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

ప్రింటింగ్‌లో మరో రెండు జాగ్రత్తలు. చిన్న అక్షరాలు నలుపు ఒక్క ప్లేట్‌లోనే ఉండాలి (ముద్రణలో ఒక్కో రంగుకి ఒక్కో ప్లేట్ ఉంటుంది). నాలుగు రంగులు కలిపి నలుపు చేస్తే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అంచులు చెదురుతాయి. లేబుల్ చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయేలా అంచు దాటి పొడిగించే డిజైన్) వదలాలి. ఇక ఊరగాయ సీసాకి నూనె అంటకుండా ఉండదు. మామూలు కాగితపు లేబుల్ నూనె పీల్చి, తెల్లదనమంతా పసుపు మరకలవుతుంది. లామినేషన్ ఉన్న ఫిల్మ్ (పల్చటి ప్లాస్టిక్) లేబుల్ ఎంచుకుని, ఎందుకు ఎంచుకుందో ప్రాజెక్ట్‌లో ఒక వాక్యం రాయాలి. ఇంటర్వ్యూలో ఆ వాక్యానికి మాకప్ బొమ్మలకన్నా (కంప్యూటర్‌లో చేసిన నమూనా చిత్రాలకన్నా) ఎక్కువ విలువ ఉంటుంది.

పోర్ట్‌ఫోలియోకి ఐదు ప్రాజెక్ట్‌లు చాలు. ఇదొక్కటి ఎనిమిది పేజీల్లో రావాలి: సమస్య, పక్కన పెట్టిన మూడు స్కెచ్‌లు (ఎందుకు పెట్టిందో సహా), 16 పిక్సెళ్లలో లోగో, ఒకే రంగులో లోగో, చివర్లో నిజంగా అంటించిన సీసా ఫొటో.

పీజీ ఆలోచన ఉంటే ఐఐటీల ఎండెస్‌కి (డిజైన్‌లో పీజీ) సీడ్, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి (ఎన్‌ఐడీ) డ్యాట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. సీడ్ సాధారణంగా జనవరిలో ఉంటుంది, నాలుగో సంవత్సరంలోనే రాయవచ్చు. అందులో చేత్తో గీయాల్సిన భాగం ఉంది కాబట్టి రోజూ అరగంట స్కెచింగ్ ఈ వేసవి నుంచే మొదలుపెట్టమనండి.