ఒకే పాట, వేరువేరు రాత్రులు

చిరంజీవి తల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ పాట "లైక్ ఎ రోలింగ్ స్టోన్" లైవ్ రికార్డింగులు దొరికినవన్నీ వరసపెట్టి విన్నావనీ, చివరికి ఏది బాగుందో తేల్చుకోలేకపోయావనీ రాశావు. మార్కులు వెయ్యడానికి ఏదైనా పద్ధతి చెప్పమన్నావు. మార్కులు ఇప్పుడే వద్దు తల్లీ. ముందు ఎలా వినాలో చెబుతాను. ఈ పాటంటే నాకు ప్రాణం, కాబట్టి ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

మొదట స్టూడియో రికార్డు నీకు కంఠతా వచ్చెయ్యాలి. 1965 జూన్ 16న న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీ స్టూడియోలో తీసింది అది. నాలుగు చరణాలు, ఆరు నిమిషాల పైచిలుకు. డ్రమ్ మీద ఒక్క దెబ్బ పడుతుంది, ఆ వెంటనే అందరూ ఒక్కుమ్మడిగా అందుకుంటారు. అందులో ఆర్గన్‌ని పట్టి విను. వాయించిన అల్ కూపర్ అసలు గిటారిస్టు. ఆ రోజు తనంతట తనే పోయి ఆర్గన్ ముందు కూర్చున్నాడు. మిగతావాళ్లు ఏ కార్డుకి (కలిపి వాయించే స్వరాల గుంపుకి) వెళ్లారో విని, అప్పుడు మీటలు నొక్కానని తర్వాత తనే చెప్పాడు. అందుకే ఆర్గన్ ప్రతిసారీ రవ్వంత వెనకగా వస్తుంది. ఆ రవ్వంత ఆలస్యం నీ చెవికి దొరికేదాకా లైవ్‌ల జోలికి వెళ్లకు. అది దొరికిందంటే, స్టేజి మీద ఏది మారిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మన కచేరీల్లో ఒకే కృతిని ఇద్దరు విద్వాంసులు పాడితే ఎవరు ఎన్ని సంగతులు వేశారు, ఎవరి నెరవు నిండుగా ఉంది అని చూస్తాం. ఆ కొలత ఇక్కడికి తీసుకురాకు. డిలాన్ పాటకి నగిషీలు పెట్టడు. నడక మారుస్తాడు, ఒక మాటని సాగదీస్తాడు, ఇంకోదాన్ని కొరికి వదిలేస్తాడు. అలాగే "రికార్డులో ఉన్నట్టు పాడాడా లేదా" అన్నదీ కొలత కాదు. అలా పాడితే ఆయన దగ్గర అది పెద్ద గొప్పేమీ కాదు.

మరి దేన్ని పట్టుకోవాలి? పాటలో ఒక అమ్మాయి ఉంది. ఒకప్పుడు దర్జాగా బతికి, అన్నీ పోయి వీధిన పడింది. పల్లవిలో ఆయన ఆమెని "హౌ డజ్ ఇట్ ఫీల్" అని అడుగుతాడు. ప్రతి లైవ్‌లోనూ ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి, ఈ రాత్రి ఈయన ఆ మాట ఎవర్ని అడుగుతున్నాడు అని చూడు. ఆ అమ్మాయినేనా, ఎదురుగా కూర్చున్న జనాన్నా, తనని తానా? నా మటుకు ఈ పాట లైవ్‌లని పోల్చడమంటే ఇదే. మిగతావన్నీ దీనికి సాయం చేసేవే.

1965 జులై 25, అమెరికాలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్, అంటే జానపద సంగీతోత్సవం. పాట సింగిల్‌గా విడుదలై అప్పటికి అయిదు రోజులే. జనానికి అది ఇంకా పాత చుట్టం కాలేదు. వెనక ఉన్నది గిటారిస్టు మైక్ బ్లూమ్‌ఫీల్డ్, పాల్ బటర్‌ఫీల్డ్ బ్యాండు వాళ్లు, అల్ కూపర్. సరైన రిహార్సల్ లేదు. వింటుంటే అందరూ ఒకర్నొకరు వెతుక్కుంటున్నట్టు తెలుస్తుంది. డిలాన్ గొంతులో బెట్టు ఉంది గానీ ఆ ప్రశ్న ఇంకా ఎవరి మీదా వాలలేదు. ఆ రోజు జనం అల్లరి ఎందుకు చేశారన్నది ఇప్పటికీ తెగని తగువు. ఎలక్ట్రిక్ గిటార్ నచ్చకనా, మాటలు వినపడక మండిపోయా, మూడే పాటలు పాడి దిగిపోయినందుకా? అల్లరి ఎంతన్నది కూడా రికార్డింగ్ విని తేల్చకు. మైకు స్టేజి వైపు తిరిగి ఉంటే జనం గొంతు చిన్నదైపోతుంది, జనంలో ఉంటే నాలుగు ఈలలే పెద్ద గోలవుతాయి. నువ్వు వింటున్న టేపు ఎక్కడి మైకుదో తెలుసుకోకుండా జనం గురించి తీర్పు చెప్పకూడదు.

ఇక 1966 మే 17, మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్. నువ్వు దీన్ని లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ అని రాశావు. తప్పు నీది కాదు. దొంగ రికార్డులు ఏళ్ల తరబడి ఆ పేరుతోనే తిరిగాయి. 1998లో కంపెనీ అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా ఆ పేరుని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచేశారు. కాబట్టి ఎప్పుడూ అట్ట మీది పేరుతో ఆగకు, తేదీ, ఊరు సరిచూసుకో.

ఆ రాత్రి మొదటి సగం డిలాన్ ఒంటరిగా అకూస్టిక్ గిటార్‌తో పాడాడు. రెండో సగం హాక్స్ అనే బ్యాండుతో, ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని. జనంలో చాలామందికి ఈ రెండో సగం మింగుడుపడలేదు. చివరి పాటకి ముందు ఎవరో "జూడస్!" అని అరిచారు, అంటే క్రీస్తుని పట్టిచ్చిన ద్రోహి పేరు. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత జరిగింది హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని విను. గిటార్ తీగల చప్పుడు వస్తూనే ఉంటుంది. డిలాన్ తొందరపడడు. "ఐ డోంట్ బిలీవ్ యూ" అంటాడు. కొంచెం ఆగి, "యూ ఆర్ ఎ లయర్" అంటాడు. అప్పుడు బ్యాండు వైపు తిరిగి, ఓ బూతుమాట కలిపి, గట్టిగా వాయించమంటాడు. మికీ జోన్స్ డ్రమ్ మీద దెబ్బ పడుతుంది. స్టూడియోలో తలుపు తెరిచినట్టు వినపడిన ఆ దెబ్బ ఇక్కడ జవాబు. నడక స్టూడియో కన్నా బరువు, పాట ఎనిమిది నిమిషాలకి సాగింది. పల్లవిలో చివరి మాటని ఆయన ఎంతసేపు లాగాడో చూడు. గార్త్ హడ్సన్ ఆర్గన్ ఎవరి వెనకా నడవదు, గొంతు వదిలిన ప్రతి సందులోకీ దూరుతుంది. ఆ అమ్మాయి పాటలోంచి వెళ్లిపోయింది. ప్రశ్న సూటిగా హాల్లో కూర్చున్న వాళ్లకే.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను, మొహమాటం లేదు. కానీ నువ్వు ఆ అరుపు కోసమే దీన్ని ఎంచుకోకు. అరుపుని పక్కన పెట్టి పాట ఒక్కటే మళ్లీ విను. అప్పటికీ అది నిలబడితేనే నా మాట ఒప్పుకో.

1969 ఆగస్టు 31న ఇంగ్లండు దగ్గరి ఐల్ ఆఫ్ వైట్ దీవిలో పాడింది చాలామందికి చప్పగా అనిపిస్తుంది. గొంతు మెత్తబడింది, మాటలు అక్కడక్కడా తడబడ్డాయి. అయినా వదలకు. పోట్లాడ్డానికి ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఈ పాట ఏమైపోతుందో అందులో తెలుస్తుంది. 1974 టూరు రికార్డింగ్ "బిఫోర్ ద ఫ్లడ్"లో దీనికి తలకిందులు. అక్కడ జనం పూర్తిగా ఆయన వైపే ఉన్నారు, ఆయనేమో ఇంకా అరుస్తున్నాడు. ఊపు బ్రహ్మాండం. ప్రశ్న మాత్రం ఎవర్నీ గుచ్చదు, వేలమంది కలిసి పండగ చేసుకునే కేక అయిపోయింది. 1978లో టోక్యో బుడోకాన్ హాల్లో శాక్సఫోన్, వెనక కోరస్ గొంతులు, అన్నీ సిద్ధం చేసి పెట్టిన అలంకారం. నాకు పట్టలేదు. నీకు నచ్చితే నచ్చనీ, ఎందుకు నచ్చిందో మాత్రం రాసిపెట్టుకో.

1994 నవంబరులో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే టీవీ కార్యక్రమం కోసం పాడినప్పుడు డిలాన్‌కి యాభై మూడేళ్లు. తొమ్మిది నిమిషాలు. గొంతు గరుకెక్కింది. పాతికేళ్లప్పుడు ఎదుటివాణ్ని నిలదీసిన మనిషి ఇక్కడ జాలిపడుతున్నట్టు వినిపిస్తాడు నాకు. ఆ అమ్మాయి మళ్లీ పాటలోకి తిరిగొచ్చింది. నీకు అన్నిటికన్నా ఇదే నచ్చిందన్నావు, దాన్ని సమర్థించుకోవడానికి నీకు కావలసిన కారణం ఇందులోనే ఉంది.

గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరే ఉత్సవంలో వాయించింది వీటితో కలిపి తూచకు. అది వేరే మనిషి చేతిలో పడిన పాట. ఒక చరణం వదిలేసి, వదిలేశానని నాకు తెలుసులే అని స్టేజి మీదే చెప్పి ముందుకుపోతాడు. చివర్న విను, మధ్యలో కాదు.

ఇక చేతిపని సంగతులు. పోల్చేముందు రికార్డింగులన్నిటి వాల్యూమ్ ఒక మట్టానికి తెచ్చుకో. మన చెవికి గట్టిగా వినపడిందే బాగున్నట్టు తోస్తుంది, అది నీ తీర్పుని ఇట్టే మోసం చేస్తుంది. వీడియో ఉన్నవాటిని కూడా మొదటిసారి తెర చూడకుండానే విను. ఒక పూటకి రెండే రికార్డింగులు, అంతకు మించొద్దు. పాట మొత్తం ఒకేసారి పోల్చబోకు. ఒక్క పల్లవి తీసుకో, రెండు చోట్లా అదే పల్లవి విని, విన్నది రెండు వాక్యాల్లో రాయి. మళ్లీ విన్నాక ఆ వాక్యాలు మారితే పాతవి కొట్టెయ్యకు, కింద కొత్తవి రాయి. "అద్భుతం", "ప్రాణం పెట్టి పాడాడు" లాంటి మాటలు నీ నోట్‌బుక్‌లో కనపడకూడదు. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, డ్రమ్స్ ముందుకు తోస్తున్నాయా వెనక్కి లాగుతున్నాయా, ఏ మాట నొక్కాడు, ఏది మింగాడు, ఇవి రాయి.

ఇదంతా అయ్యాక ఇంకాస్త కష్టమైన పని ఒకటుంది. 1966 టూరులో రికార్డయినవన్నీ కలిపి 2016లో 36 సీడీల పెట్టెగా వేశారు. అందులో మే 16 షెఫీల్డ్, 17 మాంచెస్టర్, ఆయన ఇరవై అయిదో పుట్టినరోజైన 24న పారిస్, 26న అసలు సిసలు రాయల్ ఆల్బర్ట్ హాల్, అన్నీ ఉన్నాయి. అదే బ్యాండు, అదే నెల, అదే చివరి పాట. ఏళ్ల తేడా లేదు, గొంతు తేడా లేదు, తేడా అంతా ఎదురుగా కూర్చున్న జనంలోనే. ముందు షెఫీల్డ్‌ది, మాంచెస్టర్‌ది పక్కపక్కన పెట్టి మొదటి పల్లవి విని, ఏం రాసుకున్నావో నాకు పంపు.

ఇట్లు
మీ పెదనాన్న