రోబో సెన్సర్‌కు కట్టే పెట్టె కూడా సెన్సర్‌లో భాగమే

నల్గొండలో మీ బడి పిల్లలు పోటీ కోసం గీత వెంట నడిచే రోబోను తయారు చేస్తున్నారనీ, త్రీడీ ప్రింటర్ దగ్గరలో లేదు కాబట్టి సెన్సర్ల పెట్టెలను హైదరాబాద్‌లోనే చేయించక తప్పదా అనీ అడిగారు. తప్పనిసరి ఏమీ లేదు. ఈ జిల్లాలో కొన్నేళ్లుగా విద్యార్థుల జట్లకు తోడుగా ఉంటున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: పెట్టె ఎక్కడ తయారైందన్నది పెద్ద విషయం కాదు, సెన్సర్ దేన్ని చూస్తుందో తెలుసుకొని చేయించామా లేదా అన్నదే ముఖ్యం.

ఒక జట్టులోని ఇద్దరు అమ్మాయిలు నల్లటి పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేయించుకొని తెచ్చిన పెట్టె చూడముచ్చటగా ఉండేది. సాయంత్రం తరగతి గదిలో పరచిన ఫ్లెక్స్ మీద రోబో నల్ల గీతను పట్టుకొని చక్కగా తిరిగింది. మరునాటి ఉదయం అదే ఫ్లెక్స్‌ను వరండాలో పరిస్తే, ఏటవాలుగా ఎండ పడే మలుపు దగ్గర ప్రతిసారీ గీతను వదిలేసి గోడ వైపు వెళ్లసాగింది. పిల్లలు ప్రోగ్రాములో తప్పు వెతుకుతుండగా నేను ఒక టీవీ రిమోట్ తెప్పించి, దాన్ని పెట్టె గోడకు లోపలి నుంచి ఆనించి బటన్ నొక్కమనీ, బయటి నుంచి ఫోన్ ముందు కెమెరాతో చూడమనీ చెప్పాను. మన కంటికి కారు నలుపుగా కనిపించే ఆ గోడ గుండా, ఫోన్ తెర మీద లేత ఊదా చుక్క ఒకటి మిణుకుమిణుకుమంటూ కనిపించింది. రిమోట్ పంపేదీ, గీతను చూసే సెన్సర్ వాడేదీ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగే. సెన్సర్ దాన్ని నేల మీదికి పంపితే తెలుపు నుంచి ఎక్కువ, నల్ల గీత నుంచి తక్కువ తిరిగి వస్తుంది. కొన్ని నల్ల ప్లాస్టిక్‌లలో కలిపే రంగులు కంటికి కనిపించే వెలుగును ఆపినా, ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపవు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి, అది గోడ దాటి లోపల వెలుగును పసిగట్టే ఫొటోడయోడ్ మీద పడినప్పుడు నల్ల గీత కూడా తెల్లగా ఉన్నట్టే లెక్కకు వస్తుంది. ఏసీ మెకానిక్కులు గొట్టాలకు చుట్టే అల్యూమినియం టేపును పెట్టె లోపలి గోడలకు అంటించి, వైర్లు తగిలి షార్ట్ కాకుండా దాని మీద ఇన్సులేషన్ టేపు వేయడంతో ఆ మలుపు సమస్య తీరిపోయింది.

ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అయినా చాలా పోటీల్లో పెట్టె నునుపుకూ రంగుకూ మార్కులు వేస్తారే తప్ప, లోపల ఆ టేపు ఎందుకుందని పిల్లలను అడిగేవారు అరుదు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. పిల్లలు సొంతంగా పరికరాలు తయారు చేసి నేర్చుకోవడానికి నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్న కొన్ని బడుల్లో ప్రింటర్‌ను అధికారులు వచ్చిన రోజే బయటికి తీస్తారు. మీకు దగ్గరలో అలాంటి ల్యాబు ఉంటే, ఆ ప్రధానోపాధ్యాయులను గట్టిగా అడగండి.

ప్రింటర్ దొరకకపోయినా చింత లేదు. సైన్‌బోర్డులు చేసే దుకాణాల్లో 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ముక్కలను మీరు గీసిచ్చిన కొలతలకు కోసి ఇస్తారు. పైగా పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో రోబోను వదిలితే పెట్టె వంగిపోవచ్చు. యాక్రిలిక్ అంతకంటే ఎక్కువ వేడికి నిలుస్తుంది. మూతను మాత్రం జిగురుతో అంటించకుండా స్క్రూలతో బిగించండి, ఎందుకంటే పోటీ మధ్యలో ఒక వైరు ఊడిపోతే దాన్ని విప్పాల్సింది పిల్లలే.

అడ్డంకిని గుర్తించే హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ కూడా ఉంటే, దాని రెండు కళ్ల ముందు పారదర్శకమైన షీటు కూడా పెట్టకూడదు, ఎందుకంటే అది చూసేది వెలుగును కాదు, 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని. ఒక కన్ను ధ్వనిని పంపుతుంది, రెండోది తిరిగి వచ్చేదాన్ని వింటుంది; మధ్యలో పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కిస్తాం. ఆ కళ్లు సుమారు 16 మిల్లీమీటర్ల వెడల్పుంటాయి కాబట్టి రంధ్రాన్ని కాస్త వదులుగా కోయించి, పంక్చర్ దుకాణంలో దొరికే పాత ట్యూబు నుంచి రబ్బరు వలయాలు కత్తిరించి చుట్టూ పెట్టండి. లేకపోతే పంపే కంటి అదురు పెట్టె గోడ మీదుగా నేరుగా వినే కన్నుకు చేరి, ఎదురుగా ఏమీ లేకున్నా ఏదో ఉన్నట్టు చూపవచ్చు. కళ్లు పెట్టె ముఖానికి సమంగానో కాస్త ముందుకో ఉండాలి, లోతుగా ఉంటే ధ్వని రంధ్రం అంచుకే తగిలి తిరిగి వస్తుంది. ఇంకో సంగతి, ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లయితే 40 డిగ్రీల దగ్గర దాదాపు 355 ఉంటుంది. ఎండలో కూడా ప్రోగ్రాములో 343నే ఉంచితే మీటరు దూరం మూడు సెంటీమీటర్లకు పైగా తక్కువగా చూపిస్తుంది.

గీతను చూసే సెన్సర్ టీసీఆర్‌టీ5000 అయితే, అది నేలకు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో బాగా పనిచేస్తుంది. అందుకే దాన్ని బిగించే రంధ్రాలను గుండ్రంగా కాకుండా నిలువు గాడిగా కోయించండి. పోటీ స్థలంలో పరచిన ఫ్లెక్స్ ముడతలు పడి ఉంటే, పిల్లలు స్క్రూను వదులు చేసి సెన్సర్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి జరుపుకుంటారు.