రెయిడ్ 1లో ఒక డిస్క్ 7200, రెండోది 5400 అయితే?

7200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) డిస్క్‌కు పాత 5400ది జతచేసి లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1 (ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ ఉంచే పద్ధతి) పెడితే డేటాకు ముప్పా అని అడిగారు కదండీ. ముప్పేమీ లేదు, టెన్షన్ పడకండి. తగ్గేది స్పీడే.

రాసేటప్పుడు రెండు డిస్కులూ పని ముగించాలి. జోడెడ్లలో మందకొడి ఎద్దు నడకే బండి నడక. చదవడానికి మాత్రం ఏదో ఒక డిస్క్ చాలు. అందుకే నెమ్మది డిస్క్‌కు ‘రైట్-మోస్ట్లీ’ ఫ్లాగ్ పెట్టమని చాలామంది చెప్తారు. పెడితే రీడ్‌లు దాదాపు అన్నీ వేగమైన దానికే వెళ్తాయి. రెయిడ్ స్థితిని చూపే ఎండీస్టాట్ ఫైల్‌లో ఆ డిస్క్ పేరు పక్కన బ్రాకెట్లలో ‘డబ్ల్యూ’ కనిపిస్తుంది. కానీ మీ కేసులో నేనైతే పెట్టను. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఫైళ్లు తెరుస్తారన్నారు, అప్పుడు రెండు డిస్కులూ పని పంచుకోవడమే మేలు. ఆ ఫ్లాగ్ ఎస్ఎస్‌డీకి హార్డ్‌డిస్క్‌ను జతచేసినప్పుడు బాగా పనికొస్తుంది.

అసలు చూడాల్సింది వేరే ఉంది. పాత డిస్క్ మోడల్ నంబర్ వెతికి అది ఎస్ఎంఆర్ (డేటా ట్రాక్‌లు ఒకదానిపై ఒకటి కొంత పరుచుకునేలా రాసే) రకమేమో చూడండి. అదైతే రీబిల్డ్ (డేటాను ఒక డిస్క్ నుంచి రెండోదానికి మళ్లీ నకలు చేయడం) రోజుల తరబడి సాగొచ్చు, మధ్యలో డిస్క్ స్పందించక అర్రే (ఈ డిస్కుల జట్టు) నుంచి బయటపడనూ వచ్చు. సీఎంఆర్ (ట్రాక్‌లు అలా పరుచుకోని మామూలు రకం) అయితే నిశ్చింతగా కలిపేయండి.