గ్లౌజుల సంగతి తరువాత, ముందు ఆ వేలు చూపించండి

ప్రశ్న: నా వయసు 47. ఖమ్మంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. సెలవు రోజుల్లో వడ్రంగం పని చేయడం సరదా. ఈ మధ్య చెక్కకు అంచులు, గాళ్లు తీసే, చేతిలో పట్టేంత చిన్న రౌటర్ మిషన్ కొన్నాను. ఊళ్లో పడగొట్టిన మా పాత ఇంటి టేకు తలుపులతో పూజామందిరం చేస్తున్నాను. దుమ్ముకు తుమ్ములు, ముక్కు కారడం ఎక్కువగా ఉండటంతో మెడికల్ షాపులో ఇచ్చిన సెట్రిజిన్ వేసుకుంటున్నాను. పన్నెండు రోజుల కిందట చిన్న చెక్కకు అంచు తీస్తుంటే బిట్టు, అంటే మిషన్ కొనలో తిరిగే కోత ముక్క, జారి ఎడమ చూపుడు వేలికి తగిలింది. పసుపు అద్ది కట్టు కట్టుకున్నాను. షాపులోనే ఇచ్చిన యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు ఐదు రోజులు వాడాను. గాయం మానింది. వేలు వంగుతోంది కానీ కొన మాత్రం వంగడం లేదు, ఒక పక్క కాస్త మొద్దుబారినట్టు ఉంది. నాలుగేళ్లుగా షుగరుకు మాత్రలు వాడుతున్నాను. ఈ మిషన్‌తో పనిచేసేటప్పుడు ఎలాంటి గ్లౌజులు వేసుకుంటే మంచిది? దుమ్ముకు రోజూ సెట్రిజిన్ వాడవచ్చా?

జవాబు: మాస్టారూ, మీ రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అయితే మీరు ప్రశ్నగా అడగకుండా మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. వేలు వంగుతోంది, కొన మాత్రం వంగడం లేదు అన్నారు. ఆ వేలిని నేను చూడలేదు కాబట్టి ఇదే జరిగిందని నిర్ధారించి చెప్పలేను. చివరి ఎముక విరిగినా, కణుపు బిగుసుకుపోయినా, వాపు మిగిలి ఉన్నా కూడా కొన వంగకపోవచ్చు. కానీ మీరు రాసిన తీరును బట్టి నేను మొదట అనుమానించేది మాత్రం టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం, తెగిందేమోననే.

చూపుడు వేలిని వంచడానికి అరచేతి వైపున రెండు టెండన్లు ఒకదాని కింద ఒకటి నడుస్తాయి, జనం వీటినే గట్టి నరాలు అనుకుంటారు. పైది మధ్య కణుపును వంచుతుంది. అడుగున ఉన్నది వేలి చివరిదాకా వెళ్లి కొన కణుపును వంచుతుంది. అడుగుది ఒక్కటే తెగినప్పుడు పైది తన పని తాను చేస్తూనే ఉంటుంది కాబట్టి వేలు వంగినట్టే కనిపిస్తుంది, స్కూటర్ హ్యాండిల్ పట్టుకోగలుగుతారు, సంచీ మోయగలుగుతారు, ఏమీ కాలేదనుకుంటారు. తెగిన టెండన్ పెద్దగా నొప్పి కూడా పెట్టదు. మేము పరీక్షించేటప్పుడు వేలి మధ్య ఎముకను కదలకుండా పట్టుకుని కొన ఒక్కదాన్నే వంచమంటాం. దీన్ని మీరు ఇంట్లో బలంగా ప్రయత్నించవద్దు, ఎందుకంటే సగమే తెగి ఉంటే ఆ ప్రయత్నంలో మిగతా సగం తెగే ప్రమాదం ఉంది. ఇక ఒక పక్క మొద్దుబారిందంటే, వేలికి రెండు వైపులా నడిచే స్పర్శ నరాల్లో ఆ వైపు నరానికి దెబ్బ తగిలి ఉండవచ్చు.

ఇందులో కాలానికి చాలా విలువ ఉంది. తెగిన టెండన్‌ను మొదటి కొద్ది రోజుల్లో కుట్టడం తేలిక. రెండు వారాల ప్రాంతంలో కూడా చాలామందికి రెండు కొసలనూ నేరుగా కలిపి కుట్టగలుగుతాం. మూడు నాలుగు వారాలు దాటితే పై కొస అరచేతిలోకి లాక్కుపోతుంది, దాన్ని లాగే కండరం కురచబడుతుంది, టెండన్ జారవలసిన గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు మరోచోటి నుంచి టెండన్ ముక్క తెచ్చి అతకవలసి వస్తుంది, ఒక్కోసారి అది కొన్ని నెలల తేడాతో రెండు ఆపరేషన్ల వ్యవహారం అవుతుంది. మీరు రాసేనాటికే పన్నెండు రోజులు. ఈ జవాబు వెలువడేసరికి మరికొన్ని గడిచి ఉంటాయి. అందుచేత వచ్చే ఆదివారం చూద్దాం, పరీక్షల మూల్యాంకనం అయ్యాక చూద్దాం అనుకోకుండా, దీన్ని చదివిన రోజునే చేతి శస్త్రచికిత్సలు చేసే ప్లాస్టిక్ సర్జన్‌కో ఆర్థోపెడిక్ సర్జన్‌కో చూపించండి. ఒకవేళ గడువు మించిందని వారు చెప్పినా చేయగలిగింది ఏమీ లేదని కాదు, దారులు తగ్గుతాయి అంతే.

రౌటర్ గాయాన్ని కత్తిపీట గాయంలా చూడకూడదు. మీ చేతిలో ఉన్నలాంటి చిన్న మిషన్లు నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరుగుతాయి. బిట్టుకు రెండు అంచులు ఉన్నాయనుకుంటే సెకనుకు వెయ్యి దెబ్బలు. అది చర్మాన్ని కోయదు, చెక్కలో గాడి తీసినట్టే కండను తోడేస్తుంది, తోడిన చోట రంపపు పొట్టును, మీ విషయంలో పాత తలుపు మీది పెయింటు పొడిని కూడా కూరుతుంది. చెక్క పుల్లలు సాధారణంగా ఎక్స్‌రేలో కనిపించవు కాబట్టి ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నంత మాత్రాన లోపల ఏమీ లేదనుకోవద్దు, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయమని డాక్టరే చెబుతారు. ఇలాంటి గాయంలో పసుపు పోస్తే మాకు ముందుగా పసుపు కడగడమే పనవుతుంది, లోపల ఏది తెగిందో ఆ తరువాత గానీ కనిపించదు. కూరలో పసుపు మీద నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. కాఫీ పొడి, సున్నం, అతికించే జిగురు కూడా ఇదే కోవలోకి వస్తాయి. దెబ్బ తగిలిన వెంటనే చేయవలసింది ఉంగరం తీసేసి, కొళాయి నీటి కింద ఐదు పది నిమిషాలు కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తులో పెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరడం.

మీ కోసం కాకపోయినా ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. వేలి ముక్క తెగిపడితే దాన్ని ఐసులో నేరుగా పెట్టవద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి, ఆ కవరును ఐసు వేసిన నీళ్లలో ఉంచి మనిషితో పాటే తీసుకురావాలి. అతికించగలమా లేదా అన్నది సర్జన్ చూసి చెప్పాలి, ముక్క ఇంట్లో వదిలేసి వస్తే ఆ ప్రశ్నే ఉండదు.

ఇప్పుడు మెడికల్ షాపు సంగతి. కోప్పడుతున్నాననుకోవద్దు మాస్టారూ, కానీ పిల్లవాడు పరీక్ష రాయకుండానే మీరు మార్కులు వేస్తారా? కౌంటరు వెనుక ఉన్న కుర్రాడు మీ కట్టు విప్పి చూడలేదు, కొన వంచమని అడగలేదు, షుగరు ఎంత ఉందని అడిగాడో లేదో మీకే తెలియాలి. ఏ మాత్ర ఇచ్చాడో మీరు రాయలేదు, బహుశా మీకూ గుర్తు లేదు. నొప్పి మాత్రల్లో చాలావాటితో, ముఖ్యంగా షుగరుతో పాటు కిడ్నీల ఇబ్బంది ఉన్నవారికి, ప్రమాదం ఉంది. యాంటీబయాటిక్ తెగిన టెండన్‌ను అతకదు, లోపల మిగిలిన చెక్క పొడిని బయటికి తీయదు. అది చేయగలిగిందల్లా పైకి ఎరుపు, వాపు తగ్గించి, అంతా బాగుందన్న ధైర్యం మీకివ్వడం. ఆ ధైర్యంతోనే మీరు పన్నెండు రోజులు గడిపేశారు. నా దగ్గరకు ఆలస్యంగా వచ్చే చేతి గాయాల్లో సగానికి సగం ఇలా మాత్రలతో మొదలైనవే అనిపిస్తుంది, లెక్క రాసుకోలేదు గానీ.

షుగరు ఉన్నవారికి పైన చర్మం కలిసిపోయి లోపల చీము పట్టడం కొత్తేమీ కాదు. వేలు మొత్తం ఉబ్బి, సగం వంగి అలాగే ఉండిపోయి, దాన్ని కొంచెం చాపితే భరించలేని నొప్పి వస్తుంటే, లేదా జ్వరం వస్తే, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే అత్యవసర విభాగానికి వెళ్లాలి. ధనుర్వాతం టీకా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. ఇలాంటి మురికి గాయానికి, చివరి డోసు వేయించుకుని ఐదేళ్లు దాటితే ఒక బూస్టర్ కావాలి. చిన్నప్పటి టీకాలు పూర్తయ్యాయో లేదో తెలియకపోతే ఇమ్యూనోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే, సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరమా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. ధనుర్వాతం తుప్పు పట్టిన మేకు నుంచే వస్తుందని అందరూ అనుకుంటారు. దాని బీజాలు ఉండేది మట్టిలో, దుమ్ములో, పేడలో. ఊళ్లో పడగొట్టిన పాత ఇంటి తలుపుకు ఈ మూడింట్లో ఏది అంటలేదో చెప్పడం కష్టం. లక్షణాలు బయటపడటానికి మూడు వారాల దాకా పట్టవచ్చు కాబట్టి ఆలస్యమైందని మానేయకుండా ఇప్పుడైనా అడిగి వేయించుకోండి.

సెట్రిజిన్ గురించి అడిగారు. మీ తుమ్ములకు అది ఉపశమనం ఇవ్వవచ్చు, కానీ కొందరికి మగత తెస్తుంది. మాత్ర వేసుకున్న మర్నాటి పొద్దున కూడా ఆ బరువు వదలనివారు ఉన్నారు. దెబ్బ తగిలిన రోజు మాత్ర వేసుకున్నారా, ఎన్ని గంటలకు వేసుకున్నారు అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి. మగత తెప్పించే ఏ మందు వేసుకున్నా ఆ పూట మిషన్ ముట్టవద్దనే నా సలహా. అసలు జబ్బు దుమ్ము అయితే మందు ముక్కుకు వేసి లాభం లేదు. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు, ముక్కుకు అలర్జీ తెస్తుంది. కలప దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది. అది ప్రధానంగా ఏళ్ల తరబడి ఆ దుమ్ములో పనిచేసినవారికి, ముక్కు, దాని చుట్టూ ఉండే గాలి గదులకు సంబంధించిన ముప్పు. సెలవుల్లో పూజామందిరం చేసే మీరు భయపడనక్కర్లేదు గానీ ముక్కుకు రుమాలు కట్టుకుని సరిపెట్టుకోవద్దు. ముఖానికి అతుక్కునే ఎన్95 మాస్కు పెట్టుకోండి, వీలైతే మిషన్‌కు వాక్యూమ్ గొట్టం తగిలించండి, పని అయ్యాక చీపురుతో ఊడ్చకుండా తడి గుడ్డతో తుడవండి. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఛాతీ డాక్టరుకు, ఒకే వైపు ముక్కు దిబ్బడ వదలకపోయినా రక్తపు చారలు కనిపించినా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. కంట్లో పొట్టు పడితే ఇంట్లో మిగిలిన చుక్కల మందు మాత్రం వేయకండి. చెక్క, ఆకు లాంటివి తగిలిన కంట్లో ఫంగస్ చేరే అవకాశం ఉంది, ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే అది దానికి మేత వేసినట్టే.

గ్లౌజులు వద్దు. తిరిగే బిట్టు గ్లౌజు కొసను అందుకుంటే వేలితో సహా లోపలికి లాగేస్తుంది. చేతికి కట్టుకున్న ఎర్రదారం, కంకణం, వేలాడే కండువా, పొడుగు చేతుల చొక్కా కూడా ఈ లెక్కలోవే. మీ వేలిని కాపాడేది గ్లౌజు కాదు, క్లాంపు. మీ ఉత్తరంలో 'చిన్న చెక్కకు' అన్న మాట చూడగానే నాకు దృశ్యం కనిపించింది: కుడి చేతిలో మిషన్, ఎడమ చేత్తో నొక్కిపట్టిన చెక్క. మిషన్ అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది కాబట్టి రెండో చేయి ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ చేయి చెక్క మీదికి పోతుంది. చెక్కను బల్లకు రెండు క్లాంపులతో బిగించి, రెండు చేతులూ మిషన్ మీదే పెట్టండి.

కిందటేడు బొటనవేలికి కుట్లు వేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్ద వడ్రంగి, డ్రెస్సింగ్ జరుగుతుండగా నా ప్రిస్క్రిప్షన్ ప్యాడును చెక్కగా, పెన్ను మూతను బిట్టుగా పెట్టి నాకు ఈ పాఠం చెప్పాడు. బిట్టు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది. అందుకని చెక్క బయటి అంచుల వెంట మిషన్‌ను దానికి ఎదురు దిశలో నడపాలి, లోపలి అంచులకైతే ముల్లు తిరిగే దిశలోనే నడపాలి. తిరగేసి నడిపితే బిట్టు చెక్కను పట్టుకుని ముందుకు దూకుతుంది. మీది జారడం కాదు, ఇలా దూకడమే కావచ్చు. లోతంతా ఒక్క దెబ్బకు తీయకుండా రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున తీయమన్నాడు. పాత తలుపుల్లో తలలు తెగిన మేకులు ఉంటాయి, ముందే అయస్కాంతంతో వెతకమని కూడా చెప్పాడు. నా వంతుగా రెండు కలుపుతాను: బిట్టు మార్చేటప్పుడు స్విచ్చు ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. ఆపాక కూడా బిట్టు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా మిషన్‌ను కింద పెట్టవద్దు. కంటికి పక్కలు మూసిన కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు ఎలాగూ కావాలి.

ఇవన్నీ ఆ వేలు నయమయ్యాకే. టెండన్ కుట్టవలసి వస్తే కొన్ని వారాలు స్ప్లింటు (వేలికి ఆసరాగా కట్టే పట్టీ), ఫిజియోథెరపీ ఉంటాయి, బరువు పనులకు సుమారు మూడు నెలలు పట్టవచ్చు. అప్పటిదాకా మిషన్ పెట్టెలోనే ఉండనివ్వండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, షుగరు మాత్రల చీటీ, మూడు నెలల సగటు షుగరు రిపోర్టు ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి. స్ట్రిప్పులు పారేసి ఉంటే షాపులో అడిగి పేర్లు రాయించుకోండి, కొత్తవి మాత్రం కొనకండి.