పచ్చళ్ల పని మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఊళ్లో ఒంటరిగా సంసారం ఈదుతున్న ఆడవాళ్లను పన్నెండుమందిని కూడగట్టావని, పచ్చళ్లు, పొడుల పని నేర్పించబోతున్నావని చదివి కడుపు నిండింది. నెల రోజుల్లో ఏయే వంటలు నేర్పాలో జాబితా పంపమన్నావు. అది పంపడం లేదు. ఆవకాయ పెట్టడం వాళ్లకు మనం నేర్పనక్కరలేదు, చిన్ననాటి నుంచీ ఎవరి ఇంట్లోనో జీడి తీసి ముక్కలు తుడిచిన చేతులవి. తమ కష్టానికి ధర కట్టుకోవడం మాత్రం వాళ్లకు ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు. మొదటి వారం అదే నేర్పు.

నష్టపోయాకే నాకు ఇది తెలిసింది. మేము ఆరుగురం జంతికలు, అరిసెలు అమ్మిన మొదటి మూడు నెలలకు సరుకులు, గ్యాసు ఖర్చు పోగా 10,800 రూపాయలు మిగిలాయి. లాభమని సంబరపడ్డాం. ఒక రాత్రి కూర్చుని రోజులకు, మనుషులకు పంచి చూస్తే తలకు రోజుకు 20 రూపాయలు! కలుపు తీయడానికి వెళ్లినా అప్పట్లో అంతకు రెట్టింపు వచ్చేది. మేము పెట్టిన ధరలో మా కూలి లేనే లేదు. మాలో పాకం అందరికంటే బాగా పట్టే మనిషి, భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఉన్నామె, మర్నాడు పొలం పనికి వెళ్లిపోయింది. ఆమెను ఆపడానికి నా దగ్గర ఒక్క మాటా లేకపోయింది.

అందుకే సరుకు, గ్యాసు, సీసా, లేబులు, బస్సు ఖర్చు రాయించాక గంటల లెక్కన కూలి కూడా రాయించు. ఆ తరువాతే ధర. చదువు రానివాళ్లకు చింతగింజలతో చెప్పు, మేమూ అలాగే నేర్చుకున్నాం.

లిజ్జత్ అప్పడాల సంగతి వినే ఉంటావు. 1959 మార్చి 15న ముంబయిలోని గిర్గాంలో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద ఆ పని మొదలుపెట్టారు. తొలిరోజు చేసినవి నాలుగు ప్యాకెట్లే. చందాలు పుచ్చుకోకూడదని ఆదిలోనే గట్టిగా అనుకున్నారు. వాళ్ల పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. పిండి ఒకేచోట కలుపుతారు కాబట్టి రుచి మారదు. ఉండలు ఇంటికి తీసుకెళ్లి ఒత్తుకుంటారు కాబట్టి చంటిపిల్లల తల్లికీ పని దొరుకుతుంది. తెచ్చిన అప్పడాలను తూచి, ఆ తూకానికి కూలి ఇస్తారు. కూలి కోసం అడగవలసిన అవసరం ఎవరికీ రాదు.

నువ్వూ త్రాసు కొను. మర యంత్రం తరువాత చూడవచ్చు. ఒకరి గుప్పెడు ఉప్పు మరొకరికి గుప్పెడున్నర అవుతుంది. ఇంట్లో అది చెల్లుతుంది, అమ్మకంలో చెల్లదు. అయితే పెద్దవాళ్ల చేతికొలతను తప్పుపట్టకు. వాళ్లనే వేయమని, వేసినది తూచి రాసుకో. జాడీలు కడిగితే ఎండలో పూర్తిగా ఆరనివ్వు. ఒక ఏడాది తడి ఆరని మూడు జాడీల మాగాయ బూజు పట్టి పారబోశాం. నాకు ఇప్పటికీ ఆ వాసన గుర్తుంది.

ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ మొదటి సీసా అమ్మకముందే చేయించు. ఆ 14 అంకెల సంఖ్య, తయారీ తేదీ, వేసిన సరుకులు, బరువు లేబులు మీద ఉండాలి. 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో స్వయం సహాయక సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం చూపించారు. ఇప్పుడు ఏమి అందుబాటులో ఉందో మీ మండల సమాఖ్యలో అడుగు.

దుకాణాలకు అరువు ఇవ్వకు. మా డబ్బు ఒక దుకాణంలో ఎనిమిది నెలలు ఉండిపోయింది.

మరొక్కటి. శిక్షణ రోజుల్లోనే ఎంతో కొంత కూలి ఇవ్వు, అదీ ఎవరిది వాళ్ల పేరున్న ఖాతాలోనే. ఈ పూట పొయ్యి వెలగవలసిన ఇల్లాలు నెలాఖరు దాకా ఎలా ఆగుతుంది? మధ్యలో మానేసినవాళ్లను శ్రద్ధ లేదని అంటే నాకు కోపం వస్తుంది. వేళలు కూడా పిల్లలు బడికి వెళ్లి వచ్చే మధ్యలో పెట్టు.

కాయ దిగే వేళకు, ఏప్రిల్ మొదటి వారంలో వస్తాను. నా పాత త్రాసు, రాళ్లు తెస్తాను. కొత్తది కొనేదాకా వాడుకో. ఆ పన్నెండుమందిలో పాకం పట్టడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు ముందే రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ