ప్రాగ్ వెళ్తున్న చిన్నతల్లికి

చిన్నతల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వచ్చే శని, ఆదివారాలు ఒక్కతే ప్రాగ్ పోతుందటక్కా, నువ్వైనా చెప్పు దానికి" అంది. చెప్పమంటే వద్దని చెప్పమని. నేను చెప్పను. సోషల్ పుస్తకం తెరిస్తే ఆవలించే పిల్ల ఇవాళ తన పార్ట్‌టైం డబ్బుతో గైడ్ వెనకాల ఊరు నడిచి చూడటానికి టికెట్ కొనుక్కుందంటే, జీవితమంతా సోషల్ చెప్పినదాన్ని, నాకెంత పొంగి ఉంటుందో నువ్వే అనుకో. అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా, పూర్తిగా చదువు, మధ్యలో వదిలేయకు.

తేలిక సంగతులు ముందు. జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి రైలు రెండున్నర గంటలు, ఎల్బే నది పక్కనే పోతుంది, నదివైపు కిటికీ దగ్గర కూర్చో. పాస్‌పోర్టు, జర్మనీ రెసిడెన్స్ కార్డు రెండూ ఉండాలి, ఒకటి సరిపోదు. అది చెక్ దేశం, అక్కడ డబ్బు యూరో కాదు, కొరునా. రోడ్డు మీద "మార్చుకుంటారా" అని వచ్చేవాడితో మాటే వద్దు, కౌంటర్లో మార్చినా చేతికి ఎంత వస్తుందో ముందే అడుగు. రేటు మోసమనిపిస్తే మూడు గంటల్లోపు రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టం ఇస్తుంది, కాబట్టి రసీదు పారేయకు. ట్రామ్ టికెట్ కాగితానిదైతే పసుపు డబ్బాలో పెట్టి ముద్ర వేయించాలి, కొని జేబులో పెట్టుకుంటే టికెట్ లేనట్టే. టాయిలెట్‌కి డబ్బులడుగుతారు, చిల్లర ఉంచుకో.

చెప్పులు, కాదు, బూట్లు. పాత ఊరంతా రాళ్లు పరిచిన వీధులే, చిన్న చిన్న రాళ్లు, తడిస్తే జారతాయి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. ఫోటోలకి బాగుంటాయని మొన్న కొన్నావే ఆ హీల్ బూట్లు, వాటిని రూములోనే వదిలేసి వెళ్ళు. ఉన్ని సాక్సులు రెండు జతలు.

ఇక అసలు సంగతికి వస్తా. మీ అన్నయ్య మ్యూనిచ్‌లో ఉన్నప్పుడు మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి ప్రాగ్ వెళ్ళాం కదా. పెదనాన్నది ఒకటే సిద్ధాంతం, అన్నీ ఒకే బ్యాగులో ఉంటే భద్రమని. పాస్‌పోర్టులు, డబ్బు, ఉన్న ఒక్క ఫోను, హోటల్ కాగితం, ఆయన షుగర్ మాత్రలు, అన్నీ ఆ బ్యాగులోనే, ఆ బ్యాగు నా భుజానే. దొంగల భయంతో చేసిన పని అది. గైడ్ వెనకాల గుంపుగా నడుస్తూ చార్లెస్ వంతెన మీదికి వచ్చాం. 1357లో నాలుగో చార్లెస్ రాజు శంకుస్థాపన చేసిన వంతెన, అర కిలోమీటరు పైన పొడవు, రెండు వైపులా కలిపి 30 విగ్రహాల వరసలు. అందులో నెపోముక్ జాన్ అనే మతగురువుది ఒకటి ఉంది, 1393లో చార్లెస్ కొడుకు వెన్సెస్‌లాస్ రాజు ఆయన్ని ఈ వంతెన కింది వల్తావా నదిలోకే తోయించాడు. విగ్రహం కింద కంచు పలకని ముట్టుకోవడానికి జనం వరస కడతారు, ముట్టుకుని ముట్టుకుని అది బంగారంలా మెరుస్తూ ఉంటుంది. పెదనాన్న ఆ వరసలో నిలబడ్డారు. అందరి చెవుల్లో రిసీవర్లు, గైడమ్మ గొంతు వినబడుతూనే ఉంది, కాబట్టి మేం పక్కనే ఉన్నామనుకున్నారు. మేమేమో పక్క మెట్లు దిగి కంపా అనే లంకలోకి వెళ్ళిపోయాం. ఆయన తలెత్తి చూస్తే దూరంగా పసుపు గొడుగు కనిపించింది, మా గైడ్‌దీ పసుపు గొడుగే, గబగబా దాని వెనకాల వంతెన దాటేశారు. ఆ గొడుగు వేరేవాళ్ళది. చెవిలో గొంతు గరగరమని ఆగిపోయేదాకా ఆయనకి తెలియలేదు.

ఫోను లేదు, జేబులో ఒక్క కొరునా లేదు, హోటల్ పేరు అడిగితే "కింద బ్రెడ్డు కొట్టు ఉంటుంది" అని మాత్రమే చెప్పగలిగారు. ప్రాగ్‌లో బ్రెడ్డు కొట్టు లేని వీధి ఏది? నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. గైడమ్మ మిగతా జనాన్ని వదల్లేదు, నన్నూ వదల్లేదు, తోటి గైడులందరికీ ఫోన్లు చేసింది. చీకటి పడ్డాక ఒకాయన ఫోన్ చేసి చెప్పాడు, వంతెన అవతలి మాలా స్త్రానా పేటలో సెయింట్ నికొలస్ చర్చి ముందు ఒక భారతీయుడు కూర్చుని ఉన్నాడని. వెళ్ళేసరికి ఆయన చేతులు వణుకుతున్నాయి. పక్కన ఒక అమ్మాయి, నీ వయసుదే, యాపిల్ రసం సీసా కొనిచ్చి, ఆయన తాగేదాకా కదలకుండా కూర్చుందట. నేను వచ్చాక బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది, పేరు కూడా అడగలేదు నేను. షుగర్ ఉన్న మనిషి, మాత్రలు నా భుజాన. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ మాట ఇంట్లో ఎత్తనివ్వలేదు, అందుకే నీకు తెలియదు.

నీకు షుగర్ లేదు, కుర్రపిల్లవి, ఫోను చేతికి అతుక్కునే ఉంటుంది, జర్మనీ సిమ్ అక్కడా పనిచేస్తుంది, అవన్నీ తెలుసు. కానీ చలికి ఫోన్ ఛార్జింగ్ ఎలా పడిపోతుందో నువ్వే చెప్పావు కిందటి నెల. కాబట్టి, పెద్దమ్మ చాదస్తం అనుకున్నా సరే, ఇవి చెయ్యి. హాస్టల్ పేరు, వీధి పేరు, మీ అన్నయ్య నంబరు ఒక కాగితం మీద రాసి కోటు లోపలి జేబులో పెట్టుకో. కార్డు ఒక చోట, కొంచెం నగదు ఇంకో చోట. నడక మొదలయ్యే ముందే గైడ్‌ని సూటిగా అడుగు, "నేను తప్పిపోతే ఎక్కడ నిలబడాలి?" అని. మంచి గైడ్‌కి ఆ ప్రశ్న విసుగు పుట్టించదు. గొడుగుని నమ్మకు, గైడ్ ముఖాన్ని, కోటు రంగుని గుర్తుపెట్టుకో. తప్పిపోయావా, వెతుక్కుంటూ తిరగకు, చివరిసారి అందరూ కలిసి ఆగిన చోటికే వెళ్ళి నిలబడు. అత్యవసరమైతే 112.

సరే, భయపెట్టింది చాలు.

నడక టూరు శనివారం పొద్దున్నే పెట్టుకో. ఊరి దారులు ఒకసారి కాళ్ళకి తెలిస్తే సాయంత్రం అదే దారిలో నీకు నువ్వే తిరగొచ్చు, గైడ్ రెండు నిమిషాలు ఆగిన చోట నువ్వు అరగంట ఆగొచ్చు. కోటతో సహా అంతా రెండు గంటల్లో చూపిస్తామనే టూరు ఎక్కకు. కోట కొండ మీద ఉంది, దానికి వేరే పూట కావాలి. ముందు డబ్బు కట్టనక్కర్లేదు, చివర్లో ఇష్టమైనంత ఇవ్వమనే టూర్లు ఉంటాయి, అలాంటిదే ఎక్కితే స్టూడెంట్‌ని కదా అని ఆఖరి స్టాపు ముందు జారుకోకు. ఆ చలిలో మూడు గంటలు గొంతు చించుకున్న మనిషికి ఆ పూట సంపాదన అదే. నువ్వు అలా చేశావని తెలిస్తే నాకు నిజంగా బాధ.

పాత ఊరి కూడలిలో 1410 నాటి గడియారం ఉంది. గంట కొట్టేటప్పుడు అస్థిపంజరం బొమ్మ తాడు లాగుతుంది, కిటికీల్లో అపొస్తలులు, అంటే ఏసు శిష్యుల బొమ్మలు, తిరుగుతారు. నిమిషం కూడా ఉండదు. అందరూ తలలు పైకెత్తి ఫోన్లు పట్టుకుని ఉంటారు, జేబుదొంగకి అంతకన్నా ఏం కావాలి, బ్యాగు ముందుకి వేసుకో. ఆ ఆట అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, నువ్వు కిందికి చూడు. టౌన్ హాలు పక్కన నేలమీద రాళ్ళల్లో తెల్లటి శిలువ గుర్తులు ఉంటాయి, 27. 1618లో ప్రాగ్ కోట కిటికీలోంచి చక్రవర్తి మనుషుల్ని బయటికి విసిరేశారని, దాంతో ముప్ఫై ఏళ్ళ యుద్ధం మొదలైందని, నేను ఏటా ఒక్క వాక్యంలో చెప్పి పేజీ తిప్పేసేదాన్ని. అలా చక్రవర్తి మీద తిరగబడ్డవాళ్ళు 1620లో తెల్లకొండ దగ్గర ఓడిపోయారు. 1621 జూన్ 21న వాళ్ళ నాయకులు 27 మందిని ఆ కూడలిలోనే చంపించారు. పన్నెండు మంది తలలు వంతెన బురుజుకి వేలాడదీసి పదేళ్ళు ఉంచారు, నువ్వు వంతెన ఎక్కేది ఆ బురుజు కిందనుంచే. ఆ గుర్తుల మీద జనం ఐస్‌క్రీములు తింటూ నడిచిపోతుంటే నేను పక్కకి జరిగి నిలబడ్డాను. నా క్లాసులో కూర్చున్న పిల్లలందరినీ అక్కడికి తీసుకొచ్చి చూపించాలనిపించింది. వాళ్ళెవరూ రాలేదు, నువ్వు వెళ్తున్నావు. అందుకే నిద్ర పట్టలేదన్నాను.

ఇంకో ముఖ్యమైన మాట, టూరువాళ్ళు చెప్పకపోవచ్చు. యూదుల పేట, యోసెఫోవ్, నడకలో బయటినుంచి చూపిస్తారు, లోపలికి తీసుకెళ్ళరు. అక్కడి మ్యూజియం శనివారాలు మూసేస్తారు. ఆదివారం పొద్దున్న నువ్వే టికెట్ కొనుక్కుని పింకాస్ సినగాగ్‌లోకి, అంటే యూదుల ప్రార్థనా మందిరంలోకి, వెళ్ళు. గోడల నిండా నాజీలు చంపిన బొహీమియా, మొరావియా (ఇప్పటి చెక్ దేశం) యూదుల పేర్లు, దాదాపు 78,000, చేత్తో రాసినవి. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ. కమ్యూనిస్టుల కాలంలో ఆ పేర్లు గోడల మీదనుంచి పోయాయి, 1990లలో మళ్ళీ మొదటినుంచి రాశారు. పై అంతస్తులో తెరెజీన్ అనే నాజీ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలు ఉంటాయి. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి వాళ్ళకి అక్కడే డ్రాయింగ్ నేర్పింది, తనని ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి తరలించే ముందు ఆ బొమ్మలన్నీ రెండు సూట్‌కేసుల్లో దాచిపెట్టింది. ఇల్లు, పువ్వులు, సీతాకోకచిలుకలు. అక్కడ సెల్ఫీ తీసుకోకు. ఏడుపొస్తే ఏడువు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ వెంటనే ఇంకో చోటికి పరుగెత్తకుండా ఎక్కడైనా కూర్చుని వేడిగా ఏదైనా తాగు. పొద్దున్న ఏమీ తినకుండా బయల్దేరే అలవాటు నీకుంది, ఆ రెండు రోజులూ మానెయ్.

టైముంటే వెన్సెస్‌లాస్ స్క్వేర్ పైచివర నేషనల్ మ్యూజియం ముందు కూడా ఆగు. 1969 జనవరిలో యాన్ పలాఖ్ అనే కాలేజీ కుర్రాడు సోవియట్ ఆక్రమణకి లొంగిపోతున్న తన జనాన్ని లేపాలని అక్కడే ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళ పిల్లాడు. నీకంటే చిన్న. నేలలోనే గుర్తు ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

గైడ్‌ని ప్రశ్నలు అడుగు, సిగ్గుపడకు. తేదీలు కాదు, "ఇది జరిగినప్పుడు మీ ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నారు?" అని అడిగి చూడు. 1989 నవంబరులో జనం వీధుల్లోకి వచ్చి తాళంచెవుల గుత్తులు ఊపుతూ కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దిగిపొమ్మన్నారు. మా గైడమ్మ అప్పుడు అమ్మతో కలిసి ఆ గుంపులో ఉందట. అది చెప్తున్నప్పుడు ఆవిడ గొంతే మారిపోయింది.

వెళ్ళే రైలు, వచ్చే రైలు, హాస్టల్ అడ్రసు ఇవాళే నాకు పంపు. శనివారం రాత్రి రూముకి చేరగానే ఒక్క మెసేజ్ పెట్టు, మన టైము ఎంతైనా సరే, మేలుకునే ఉంటాను. మీ అమ్మకి నేను నచ్చజెప్పుకుంటా, నువ్వు దానితో వాదన పెట్టుకోకు. నీ అకౌంటులో కొంచెం డబ్బు వేశాను, హీల్ లేని మంచి బూట్లు కొనుక్కో.

నీ పెద్దమ్మ