మళ్ళీ ఫిబ్రవరిలో చూసుకుందాం

ఈసారి ఉత్తరాల్లో క్రికెట్ తగ్గింది, అమెరికా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ పెరిగింది. పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, ఇక్కడ ఇంట్లోవాళ్లు ఫోన్లో స్కోర్లు చూస్తున్నారు, కారణం అంతే. కొన్ని ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటే కుదించాం, ఏమీ అనుకోకండి.

సార్, మా పెద్దమ్మ కూతురు ఆస్టిన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. టెక్సస్ యూనివర్సిటీ అమ్మాయిల మ్యాచ్‌లకు వెళ్లి వీడియోలు పంపుతుంటే నాకూ పిచ్చి పట్టింది. కానీ ఈ కాన్ఫరెన్స్ గొడవేంటో అర్థం కావడం లేదు. అందరూ అందరితో ఆడరు, ర్యాంకులు ఒకచోట, పట్టిక ఇంకోచోట. ఎక్కడ మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

ముందు ఆ ర్యాంకులు పక్కన పెట్టమ్మా. టాప్ 25 అంటే విలేకరులో కోచ్‌లో వారం వారం ఓట్లేసి చెప్పే అభిప్రాయం. మీ అక్కతో వాట్సాప్‌లో కొట్లాడుకోవడానికి పనికొస్తుంది గానీ జట్టు ఖాతాలో ఒక్క గెలుపు కూడా వేయదు. నువ్వు చూడాల్సింది కాన్ఫరెన్స్ పట్టిక.

అక్కడ పై స్థాయిలో, అంటే డివిజన్ వన్‌లో, 350కి పైగా మహిళల జట్లున్నాయి. అందరూ అందరితో ఆడటం అయ్యే పని కాదు కాబట్టి యూనివర్సిటీలు గుంపులు కట్టుకున్నాయి, ఆ గుంపే కాన్ఫరెన్స్. నవంబరు, డిసెంబరుల్లో ఎవరితోనైనా ఆడతారు. కొత్త సంవత్సరం దగ్గరపడేసరికి సొంత గుంపులోవాళ్లతో మొదలుపెట్టి మార్చి మొదటి రోజుల దాకా సాగదీస్తారు. పట్టికలో ఒక్కో జట్టు పక్కన రెండు లెక్కలు ఉంటాయి చూడు, ఒకటి సీజన్ మొత్తానిది, ఇంకోటి కాన్ఫరెన్స్‌ది. కొత్తగా చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే. 2025 ఫిబ్రవరిలో సౌత్ కరోలినా సొంత కోర్టులోనే కనెక్టికట్ చేతిలో 87-58తో చిత్తయింది, అక్కడ వరసగా 71 మ్యాచ్‌లు గెలుచుకుంటూ వచ్చిన రికార్డు ఆ రోజుతో పోయింది, అయినా కాన్ఫరెన్స్ పట్టికలో గీత కూడా కదల్లేదు. కనెక్టికట్ వేరే గుంపు మరి.

ఇక మీ అక్క జట్టు. టెక్సస్ 2024లోనే ఓక్లహామాతో కలిసి ఎస్ఈసీ (సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్) లోకి వచ్చింది, దాంతో ఆ గుంపు 16 జట్లయింది. ఒక్కో జట్టుకు 16 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, అంటే మిగతా 15 జట్లతో తలా ఒకసారి, వాటిలో ఒక్కదానితో మాత్రం రెండోసారి. ఆ రెండోసారి ఎవరితోనో ముందు వెతుక్కో. నా మటుకు సీజన్ రుచంతా అందులోనే ఉంది. జనవరిలో ఓడినవాళ్లు ఊరికే ఇంటికి పోరు, వీడియో ముందు కూర్చుని ఎక్కడ దెబ్బతిన్నారో పట్టుకుంటారు, మళ్ళీ ఫిబ్రవరిలో చూసుకుందాం అంటారు, నిజంగానే చూసుకుంటారు. నాకౌట్‌లో ఆ మాటకు చోటే లేదు.

ఇంతకుముందు చాలా గుంపులు చిన్నవి, ఎక్కువమందితో ఇంటా బయటా రెండేసి మ్యాచ్‌లు ఆడేవాళ్లు. టీవీ డబ్బుల కోసం, అదీ ముఖ్యంగా వాళ్ల ఫుట్‌బాల్ మీద వచ్చే డబ్బుల కోసం, గుంపులు పెంచుకుంటూపోయి దీన్ని చెడగొట్టారు. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతోందంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. పాత పద్ధతిలో పట్టిక చూడాలనిపిస్తే ఐవీ లీగ్ చూడు. 8 జట్లు, 14 మ్యాచ్‌లు, ప్రతి జట్టుతోనూ రెండేసి, ఎవరికీ సాకు దొరకదు. ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వని చోటు అది. అయినా 2025లో కొలంబియా, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ మూడూ జాతీయ టోర్నీకి వెళ్లాయి, ఆ లీగ్ నుంచి ఒకే ఏడాది మూడు వెళ్లడం అదే మొదటిసారి.

మొదలుపెట్టడానికి ఒక్క జట్టు చాలు. షెడ్యూలు గోడకు అంటించుకో, రెండోసారి ఆడే మ్యాచ్‌ను, వరసగా బయటి ఊళ్లలో ఆడే వారాలను ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టుకో. ఆ తర్వాత మీ జట్టు ఆడని రోజున కూడా పట్టికలో పక్కనున్నవాళ్లు ఓడాలని మొక్కుకోవడం మొదలవుతుంది, అప్పుడు తెలుస్తుంది నువ్వు ఇరుక్కున్నావని.

సౌత్ కరోలినా, టెక్సస్ సమానంగా నిలిస్తే బొమ్మా బొరుసూ వేసి మొదటి స్థానం తేల్చారంట. నిజమేనా, లేక ఇదీ వాట్సాప్ కథేనా?
– ప్రైవేటు ఉద్యోగి, కడప

నిజమేనండీ, 2025 మార్చిలో జరిగింది. జనవరి 12న సొంత ఊరు కొలంబియాలో సౌత్ కరోలినా 67-50తో గెలిచింది, ఫిబ్రవరి 9న ఆస్టిన్‌లో టెక్సస్ 66-62తో బదులు తీర్చుకుంది. మిగతా గుంపులో ఎవరి చేతిలోనూ ఇద్దరూ ఓడలేదు. కాబట్టి ఇద్దరికీ 15 గెలుపులు, 1 ఓటమి. ముఖాముఖి చూస్తే 1-1. పట్టికలో కింద ఉన్నవాళ్లతో ఎలా ఆడారని చూద్దామంటే ఇద్దరూ అందరినీ కొట్టేశారు. నిబంధనల్లో ఇంక మిగిలింది నాణెమే. ఎస్ఈసీ కమిషనర్ గ్రెగ్ సాంకీ ఎగరేస్తే సౌత్ కరోలినాకు పడింది.

అయితే చాలామంది అనుకున్నట్టు టైటిల్ ఏమీ టాస్‌తో పోలేదు, దాన్ని ఇద్దరూ పంచుకున్నారు. టాస్ తేల్చింది గ్రీన్‌విల్‌లో జరిగే కాన్ఫరెన్స్ టోర్నీకి ఒకటో సీడ్, అంటే డ్రాలో మొదటి స్థానం, ఎవరిదన్నది మాత్రమే. ఒకటి, రెండు సీడ్లు ఎలాగూ ఫైనల్లో తప్ప ఎదురుపడవు, దారిలో ఎవరు తగులుతారన్నదే మారుతుంది. ఇద్దరూ ఫైనల్‌కు రానే వచ్చారు, సౌత్ కరోలినా 64-45తో నెగ్గింది. ఏప్రిల్లో జాతీయ సెమీస్‌లో మళ్ళీ ఇద్దరే, మళ్ళీ సౌత్ కరోలినాయే, 74-57. ఒకే సీజన్‌లో నాలుగుసార్లు! ఒకరి ఆట ఒకరికి కంఠతా వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత ఫైనల్లో సౌత్ కరోలినాకు కనెక్టికట్ చేతిలో మళ్ళీ 82-59 దెబ్బ తగిలింది, అది వేరే కథ.

ఇంకో సంగతి. టెక్సస్ కోచ్ విక్ షేఫర్ ఒకప్పుడు మిసిసిపీ స్టేట్‌లో ఉండేవాడు, అదీ ఎస్ఈసీ జట్టే. 2017లో ఆయన జట్టు సెమీస్‌లో కనెక్టికట్ వరస 111 గెలుపులకు ఓవర్‌టైమ్ ఆఖరి క్షణంలో బ్రేక్ వేసింది, దేశమంతా నోరు తెరిచింది. ఫైనల్లో ఎదురైంది ఎవరు? సొంత గుంపులోని సౌత్ కరోలినా, కోచ్ డాన్ స్టేలీ, 67-55తో కప్పు ఆమెది. ఇలాంటి పాత బాకీలు తెలిస్తే జనవరిలో జరిగే మామూలు మ్యాచ్ కూడా మామూలుగా కనబడదు.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. స్కూల్లో ఉన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడేది. ఇప్పుడు శుక్రవారం తెల్లారుజామున ఐదున్నరకే లేచి ఫోన్ పట్టుకుంటోంది, ఆదివారం రాత్రి అసలు పడుకోవడమే లేదు. వద్దంటే అలక. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, కర్నూలు

ఐదున్నరకు పిల్ల తనంతట తను లేస్తుంటే కంగారుపడే తండ్రి కర్నూలు మొత్తానికి మీరొక్కరే అయ్యుంటారు! శుక్రవారం సంగతి వదిలేయండి. అక్కడ తూర్పు తీరంలో గురువారం రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్ మనకు శీతాకాలంలో సరిగ్గా శుక్రవారం ఐదున్నరకు వస్తుంది, ఏడున్నర లోపు అయిపోతుంది, కాలేజీకి టైముంటుంది. ఆదివారం మాత్రం మీ మాటే కరెక్టు. అక్కడి మధ్యాహ్నం రెండు అంటే మనకు అర్ధరాత్రి పన్నెండున్నర, రెండు గంటలు సాగుతుంది, సోమవారం క్లాసులో కునికిపాట్లే.

మా సలహా ఏంటంటే ఆదివారం మ్యాచ్‌లు సోమవారం పొద్దున చూడమనండి. యూట్యూబ్‌లో కాన్ఫరెన్స్‌లవాళ్లే ముఖ్యమైన ఘట్టాలు పెడతారు, పూర్తి బాక్స్ స్కోరు కూడా దొరుకుతుంది. మీరు ఉగ్గాని తింటూ పక్కన కూర్చోండి, ఆ అంకెలు మీకు చదివి చెప్పమనండి. ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారన్నది ఎవరైనా చెప్తారు. బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు, మిస్సయిన షాట్లను మళ్ళీ ఎవరు పట్టారు, ఫ్రీత్రోలు ఎవరికి ఎక్కువ దొరికాయి, మెయిన్ ప్లేయర్ నాలుగో ఫౌల్ ఎప్పుడు చేసింది, ఇవి అడగండి. ఆడిన పిల్ల కాబట్టి గంట చెప్పినా చెప్తుంది.

అసలు టెన్షన్ మార్చితో. కాన్ఫరెన్స్ టోర్నీలు మార్చి మొదటి వారాల్లోనే, మన ఇంటర్ పరీక్షలూ అటూ ఇటూగా అప్పుడే. పైగా మార్చి రెండో ఆదివారం నుంచి అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అంటే ఆ ఐదున్నర మ్యాచ్ కాస్తా నాలుగున్నరకు వస్తుంది. ఇప్పుడే కూర్చుని ఒప్పందం చేసుకోండి, అప్పుడు అరిచి లాభం లేదు.

కాన్ఫరెన్స్ టోర్నీలో ఓడితే జట్టు ఇంటికేనా? అలాగైతే రెండు నెలలు ఆడిందంతా ఎందుకు?
– బీటెక్ విద్యార్థి, కడప

అందరికీ కాదు. 2025 జాతీయ టోర్నీలో 68 జట్లున్నాయి. వాటిలో 31 కాన్ఫరెన్స్ టోర్నీలు గెలిచినవాళ్లవి, మిగతా 37 కమిటీ ఎంపిక చేసింది. పెద్ద గుంపుల జట్లు ఓడినా ఆ కమిటీ జాబితాలో దూరతాయి. చిన్న గుంపుల్లో మాత్రం మీరన్నదే చాలాసార్లు నిజం, సీజనంతా పైన నిలిచి ఒక్క రాత్రి జారితే అయిపోయింది, నాకు ఇది ఎప్పుడూ మింగుడుపడదు.

రెండు నెలల ఆట ఎందుకంటే సీడ్ కోసం. సీడ్లలో టాప్ 16 జట్లు మొదటి రెండు రౌండ్లు సొంత ఊళ్లోనే ఆడతాయి. ఫిబ్రవరిలో ఎక్కడో పోగొట్టుకున్న ఒక మ్యాచ్ వల్ల మార్చిలో వేలమంది సొంత జనాన్ని వదులుకోవాల్సి రావచ్చు. అలాగని లీగ్‌లో పైచేయి ఉన్నవాళ్లకే టోర్నీ దక్కుతుందనుకోవద్దు. 2025లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ యూఎస్‌సీ, అదే ఊళ్లో పక్క వీధి లాంటి యూసీఎల్‌ఏను లీగ్ మ్యాచ్‌లు రెండింట్లోనూ ఓడించింది, టోర్నీ ఫైనల్లో యూసీఎల్‌ఏ 72-67తో గెలిచింది.

మన అమ్మాయిల ఆటకూ అక్కడి ఆటకూ రూల్స్‌లో తేడా ఉందా?
– అనంతపురం

పెద్దగా లేదు. 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, 2015-16 నుంచి అక్కడా అంతే. అక్కడి అబ్బాయిలు మాత్రం ఇప్పటికీ 20 నిమిషాల చొప్పున రెండు సగాలే. షాట్ క్లాక్ మనకు 24 సెకన్లు, వాళ్లకు 30.

నాకు నచ్చిన ప్లేయర్ ఏడాదికో జట్టు మారుతోంది. ఇంక ఎవరికి ఫ్యాన్‌గా ఉండాలి?
– కర్నూలు

హేలీ వాన్ లిత్ గురించే అయ్యుంటుంది. లూయిస్‌విల్‌లో మూడేళ్లు, ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్) ఒక ఏడాది, ఆఖరి ఏడాది టీసీయూలో (టెక్సస్ క్రిస్టియన్). మొదట నాకూ చిరాకేసింది, కానీ 2025లో టీసీయూ తన కాన్ఫరెన్స్ బిగ్ 12లో లీగూ టోర్నీ రెండూ గెలిచిందంటే ఆ అమ్మాయి వెళ్లడం తప్పని ఎలా అంటాం? కోచ్‌లు జీతం కోసం మారితే ఎవరూ ఏమీ అనరు. ప్లేయర్ని ఇష్టపడండి, జట్టును పట్టుకుని ఉండండి, రెండూ ఒకటే కానక్కర్లేదు.

ఎక్కడో అమెరికా అమ్మాయిల పాయింట్ల పట్టిక బట్టీపట్టే మనవాళ్లకు, ఊళ్లో కాలేజీ అమ్మాయిలు ఆడుతుంటే గ్రౌండ్‌కు రావడానికి కాళ్లు రావు. 2024లో మన ఊళ్లో దులీప్ ట్రోఫీ జరిగితే అందరూ మాట్లాడారు. మా పిల్లల మ్యాచ్ సంగతి ఎవరికి తెలుసు? మీరు కూడా ఇలాంటివే రాస్తే ఎలా?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం

తిట్టారు, పడతాం మాస్టారూ. కానీ ఒక్క మాట. జనం రాకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు, మన టోర్నీల పద్ధతి కూడా కారణమే. అనంతపురం ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ) అయినా, కడప యోగి వేమన అయినా, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ అయినా యూనివర్సిటీల సౌత్ జోన్ టోర్నీకి వెళ్తే మొదట నాకౌట్, చివరికి మిగిలిన నాలుగు జట్లకే లీగ్. రాత్రంతా రైల్లో కూర్చుని తమిళనాడో కేరళో వెళ్లి, అక్కడ పిల్లప్పటి నుంచి కోర్టులోనే పెరిగినవాళ్ల మీద పొద్దున్నే ఆడి, ఓడితే సాయంత్రం రైలెక్కడమే. ఆ పిల్లలకు రెండో మ్యాచే లేదు, ఇక సొంత ఊళ్లో జనం ముందు బదులు తీర్చుకునేదెప్పుడు? చూసేవాడికి మాత్రం ఏం తెలుస్తుంది, ఎవరి మీద ఎవరికి బాకీ ఉందో?

మన మూడు యూనివర్సిటీలు, జేఎన్‌టీయూ అనంతపురం కలిపితే నాలుగు. ఊళ్ల మధ్య బస్సు ప్రయాణమే. ఇంటా బయటా రెండేసి మ్యాచ్‌లంటే ఒక్కో జట్టుకు 6, శనివారాల్లో పెట్టుకుంటే రెండు నెలల్లో అయిపోతుంది. జోన్ టోర్నీకి వెళ్లేముందు పిల్లలకు ఆరు గట్టి మ్యాచ్‌లు చేతిలో ఉంటాయి. పెద్ద స్టేడియం అక్కర్లేదు, రింగులు సరిగ్గా ఉండి సాయంత్రం లైట్లు వెలిగితే చాలు. బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ ఇక్కడినుంచే వెళ్లి బిగ్ స్కై కాన్ఫరెన్స్‌లో నార్తర్న్ అరిజోనాకు ఆడింది, బెంగళూరు మీకేమంత దూరం?

మీ ఇంటర్ కాలేజియేట్ తేదీలు, గ్రౌండ్ పేరు, జట్ల పేర్లు నెల ముందుగా మాకు పంపండి. ఇదే పేజీలో వేస్తాం. పైన అడిగిన కర్నూలు తండ్రీకూతుళ్లను కూడా రమ్మంటాం, వాళ్లకు పరీక్షలు లేని వారం చూసి పెట్టండి.